మా హోటల్లో మొదటి ఆకు

ఇప్పుడు మా హోటలుకి వచ్చినవాళ్ళు కూర్చోగానే ముందు పైకి చూస్తారు. దూలాలు చూస్తారు, టేకు స్తంభాలు చూస్తారు, గోడ మీద అరచెయ్యి పెట్టి ఎంత నున్నగా ఉందో అంటారు. ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. వడ్డించేక పళ్ళేనికి ఇంకో ఫొటో. అప్పుడు తింటారు. వెళ్ళేటప్పుడు కౌంటరు దగ్గర నా కోడలు "ఎలా ఉందండీ" అని అడుగుతుంది. "సూపరండీ" అంటారు. తలుపులు తెరిచిన రోజునుంచీ ఆ ఒక్క మాటే వింటున్నాను. ఉప్పెక్కువైన రోజూ సూపరే, పప్పు అడుగంటిన రోజూ సూపరే. ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను మాట దాచుకునే మనిషిని కాను. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటేక, పొదుపు సంఘంలో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గేసి. అంతవరకూ ఏది చెప్పాలన్నా నోటితోనే చెప్పేదాన్ని, మొహం మీదే చెప్పేదాన్ని. రాతలోనూ అలాగే వస్తోంది. ఇష్టమున్నవాళ్ళు చదువుకోండి.

మా హోటలు అనకాపల్లి పాత బజారులో ఉంది. బెల్లం మార్కెట్టు నుంచి నడిచి రావచ్చు. హోటలున్న మేడ మొదట్లో మాది కాదు. ఒక బెల్లం షావుకారు తాతల నాటిది. కింద బెల్లం దిమ్మలు దాచుకునే కొట్టు, పైన కాపురం. గానుగ సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు. షావుకారు వాళ్ళు వ్యాపారం మానుకున్నాక కింది భాగం అద్దెకి తీసుకుని మా ఆయన భోజనం హోటలు పెట్టేడు. అప్పటికి నా కొడుకు ఇంకా నా చంకలోనే ఉన్నాడు. తర్వాత్తర్వాత మేడ మాదే అయింది. మాదయ్యేక మేమే దాన్ని పాడుచేసేం. ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ సిమెంటు మెత్తేం. మరకలు కనపడకుండా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కొట్టేం. పొయ్యి పొగకి దూలాలు నల్లబడితే, అవి నలుపే అనుకున్నాం.

మార్కెట్టు కళాసీలే మా మొదటి బేరం. తెల్లారకముందే దిమ్మలు దింపడం, ఎక్కించడం మొదలుపెడతారు. పది గంటలకి వాళ్ళ పొట్టలు వీపుకి అంటుకుపోతాయి. అందుకని మా హోటల్లో పదిన్నరకల్లా అన్నం దిగిపోయేది.

ఆ రోజుల్లోనే మా ఆయన ఒక పద్ధతి పెట్టేడు. వంట దిగేక మొదటి ఆకు అమ్మకానికి కాదు. ఆ పూట ముందుగా మెట్టెక్కిన కళాసీని పిలిచి, హాలు మధ్యలో కూర్చోబెట్టి, అన్నీ వడ్డించేవాడు. అతను తిని, ఏది ఎలా ఉందో గట్టిగా చెప్పాలి. చెప్పేక, సర్దవలసింది సర్దేక, అప్పుడు రెండో ఆకు. గుమ్మంలో ఎంతమంది నిలబడ్డా అంతే. "తెల్లారగట్ల నించి పొయ్యి కాడ నిలబడ్డోడికి నాలిక మొద్దుబారిపోద్ది. బరువులు మోసొచ్చినోడికి ఉప్పు సరిగ్గా తెలుత్తాది" అనేవాడు. అన్నీ బాగున్నాయన్నవాణ్ణి మర్నాడు పిలిచేవాడు కాదు. వంక చెప్పినవాడికి ఇంకో చేపముక్క వేసేవాడు. దాంతో కొందరు ముక్క కోసం లేని వంకలు చెప్పడం మొదలుపెట్టేరు. ఒకాయన మంచినీళ్ళలో కూడా ఉప్పెక్కువైందన్నాడు. మా ఆయన నవ్వుకుని ముక్క వేసేడు గానీ మళ్ళీ ఆయన్ని ఆ ఆకు దగ్గరకి రానివ్వలేదు.

మా ఆయన పోయేక ఆ పద్ధతి నేను నడిపేను. నడపక తప్పదు కూడా. నాకు బీపీ. డాక్టరు ఉప్పు మాన్పించి చాలా ఏళ్ళయింది. చప్పిడి కూడు తిని తిని ఇప్పుడు ఎవరింటి చారు నోట్లో పోసుకున్నా నాకు ఉప్పు కషాయమే. వాసన చూసి పోపు మాడిందో లేదో చెప్పగలను, చేత్తో పట్టుకుని అన్నం పదును చెప్పగలను. ఉప్పు మాత్రం చెప్పలేను. అందుకని చివరి ఏళ్ళలో ఒక కళాసీనే రోజూ పిలిచేదాన్ని. నా పుట్టింటి ఊరివాడు. నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని. నేను తమ్ముడూ అంటాను, నా కొడుకు మామా అంటాడు. అరవై దగ్గరపడుతున్నా ఇంకా దిమ్మలు మోస్తున్నాడు. అతని నోరు కూడా నా నోరులాంటిదే.

ఇలా ఉండగా నా కొడుక్కి మేడ మీద ప్రేమ పుట్టింది. వాడు కొన్నాళ్ళు అచ్యుతాపురం కంపెనీల దగ్గర క్యాంటీన్లు నడిపేడు. అక్కడ ఆఫీసర్లు ఆదివారాలొస్తే పాత మేడల్లో పెట్టిన హోటళ్ళు వెతుక్కుంటూ వైజాగు దాకా పోతారట. "మన మేడ ఉండగా వాళ్ళు అంతదూరం ఎందుకెళ్ళాలమ్మా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అబద్ధం ఎందుకు, నేనే ముందు ఊఁ అన్నాను. హోటలు మూసేం. సిమెంటు పెచ్చులు కొట్టించేం, పెయింటు గీకించేం. దూలాలు కడిగితే తేనె రంగు టేకు బయటపడింది. అది చూసి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

పాత గోడకి మళ్ళీ గానుగ సున్నమే వెయ్యాలని, సిమెంటు వేస్తే లోపలి తేమ బయటికి పోదని, పాత కట్టడాల పని చదువుకున్న ఇంజినీరమ్మాయి వైజాగు నుంచి వచ్చి చెప్పింది. సున్నంలో కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు కలపాలంది. దినుసులు, కొలతలు ఒక కాగితం మీద తెలుగులోనే రాసి తాపీమేస్త్రికిచ్చింది. మేస్త్రికి చదువు రాదు. కాగితం నా చేతికిచ్చేడు. నేను కూడబలుక్కుని చదివేను. తొట్టి సున్నానికి బెల్లం ఇంత అని ఉంది, గుప్పెడు. నల్లబెల్లమైనా చాలని ఉంది. పదిహేను రోజులు పులియబెట్టాలని ఉంది.

చదవడం చదివేను గానీ లెక్కచెయ్యలేదు. అదే నేను చేసిన పని.

అనకాపల్లిలో పుట్టి పెరిగినవాళ్ళెవరికైనా గుప్పెడు బెల్లం అంటే నవ్వొస్తుంది. మా ఊళ్ళో బెల్లం ఎక్కువైందని ఎవరూ అనరు. పైగా నా హోటలు గోడ, నల్లబెల్లం వేస్తానా? మార్కెట్టుకి వెళ్ళి మొదటి రకం, పసుప్పచ్చటి దిమ్మలు ఎంచి తెప్పించేను. మేస్త్రి దిమ్మ మీద చెయ్యి పెట్టి నా మొహంలోకి చూసేడు.

"అమ్మా, ఇది పాయసం కాదమ్మా. గోడ."

"గోడకైనా మంచిదే పెట్టాల. నువ్వెయ్యి."

"కాయితంలో మరి గుప్పెడని..."

"ఆ పిల్లకి బెల్లమంటే ఏటి తెలుసు. వైజాగులో పంచదార తింటారు."

వేసేడు. ఇంటి పెద్దావిడ చెప్తే ఏం చేస్తాడు. ఇక పులియబెట్టడం. పెరట్లో తొట్టెలో రెండో రోజుకే నురగొచ్చి పుల్లటి కంపు మొదలైంది. అన్నం పెట్టే చోట కుళ్ళు నీళ్ళు గోడకి పుయ్యడమేటని నేను ఆ తొట్టె పారబోయించేను. తాజాగా కలిపిన బెల్లం నీళ్ళే పోయించేను. నా కొడుకు ఆ వారం బల్లలు చేయించడానికని ఊళ్ళో లేడు. కోడలు చూసింది, "అత్తయ్యా, ఒక్కసారి ఆ అమ్మాయికి ఫోన్ చేద్దాం" అంది. అవసరం లేదన్నాను.

హాలు వీధివైపు గోడ మొత్తం వేసేసేరు. మూడోరోజుకి చీమలొచ్చేయి. ఒక బారు కాదు. నేల నుంచి దూలం దాకా గోడ కదులుతున్నట్టు కనపడింది. వారమైనా గచ్చు ఆరలేదు. వేలుపెడితే దిగింది, తీస్తే జిగురు సాగింది. ఉక్కపోతకి మూలల్లో నల్లటి బూజు పట్టింది. ఇంజినీరమ్మాయి వచ్చి, గోడకి వేలు పెట్టి చూసింది. ఆ వేలు తుడుచుకుంటూ "అమ్మా, మీరు కాగితం చదివేరు కదా" అంది. చదివేనన్నాను. 

గోడంతా గీకెయ్యాల్సొచ్చింది. గీకి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పదిహేను రోజులు తొట్టె పులియబెట్టేరు. దాన్ని రోజూ పొద్దున్నే కర్రతో కలిపే పని నేనే పెట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ముక్కుకి కొంగు కట్టుకుని కలిపేదాన్ని. ఈలోగా జ్యేష్ఠంలో పెట్టుకున్న ముహూర్తం దాటిపోయింది. ఆషాఢంలో ఎవరూ కొట్టు తెరవరు. శ్రావణం దాకా ఆగేం. నెలపైన ఖాళీ హాల్లో కుర్చీలు బోర్లించి ఉండిపోయేయి. నా కొడుకు నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. తిట్టినవాడితో దెబ్బలాడొచ్చు.

తిట్టలేదు గానీ నన్ను అడగడం మానేసేడు. అంతకుముందు గరిటెలు కొనాలన్నా అమ్మా అనేవాడు. వంట మాస్టర్ని పెట్టేక నాకు చెప్పేడు. మెనూ కార్డు అచ్చయ్యేక నాకు చూపించేడు. నేనేదైనా అంటే చాలు, "గోడ సంగతి గుర్తుందా అమ్మా" అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ గోడ నా నోటికి అడ్డంగా కట్టినట్టయింది. తప్పు చేసేను, నిజమే. గచ్చు గురించి నాకు తెలీదు, నిజమే. అంతమాత్రాన పులుసు గురించి కూడా తెలీదని ఎలా అనుకుంటాడు?

తలుపులు తెరిచే రోజు వచ్చింది. ముందురోజే నేను తమ్ముడికి కబురుపెట్టేను, పదిన్నరకి రమ్మని. ఉతికిన చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసుకుని వచ్చేడు. లోపల పూజ అయి, వంటలు దిగేయి. నేను ఆకు కడిగి పట్టుకొచ్చేసరికి హాల్లో మధ్య టేబులు దగ్గర ఇంజినీరమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకి వడ్డిస్తున్నారు. నా కొడుకు గుమ్మం దగ్గర తమ్ముడి భుజం మీద చెయ్యేసి చెప్తున్నాడు.

"మామా, ఇవాళ పెద్దలొస్తున్నారు. నువ్వు మధ్యానం రా. కడుపునిండా పెట్టిస్తాను."

"మద్దేనం నాకు లోడుంది అల్లుడూ. పర్లేదులే. సల్లగా సాగాల."

అని మెట్లు దిగి వెళ్ళిపోయేడు. ఆ వేళ అతను ఎక్కడ తిన్నాడో నేను అడగలేదు. ఇంజినీరమ్మాయి తిన్నాక నేనే వెళ్ళి పులుసులో ఉప్పెలా ఉందన్నాను. "చాలా బాగుందమ్మా, అన్నీ బాగున్నాయి" అంది. మంచి పిల్ల. గోడ గురించి అడిగితే గంట చెప్తుంది. పులుసు గురించి అడిగితే బాగుందంటుంది.

ఆ రాత్రి కొడుకుతో గొడవపడలేదు. నెల తిరిగేక పడ్డాను. మా మాస్టరు చేతిలో పనితనం ఉన్నవాడే గానీ నోట్లో ఎప్పుడూ జర్దా కిళ్ళీ ఉంటుంది. ఆ నాలుకకి ఉప్పూ కారం ఏం తెలుస్తాయి. తినేవాళ్ళు చెప్పరు. నేను రుచి చూడలేను. ఏం చెయ్యనని ఎంగిలి పళ్ళేలు చూడ్డం మొదలుపెట్టేను. కడిగే తొట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. చేపముక్కలు తినేసి పులుసంతా వదిలేసిన పళ్ళేలు, పప్పు ఒక ముద్ద కలిపి పక్కకి తోసేసిన పళ్ళేలు. సముద్రపొడ్డున ఉన్న పూడిమడక నుంచి ఆడవాళ్ళు బుట్టల్లో తెచ్చిన తాజా చేప, అందులో తప్పేమీ లేదు. ఒక రోజు నా కొడుకుని లాక్కొచ్చి చూపించేను.

"ఇటు సూడు. పులుసు ఎవడూ ముట్టుకోలేదు."

"ఇప్పటి జనం తక్కువ తింటున్నారమ్మా. డైటింగులు."

"డైటింగు చేసేవోడు బజ్జీలు రెండు ప్లేట్లు తిన్నాడేటి?"

"సూపరన్నాడు కదా వెళ్ళేటప్పుడు."

"ఆ సచ్చినోడు ఎలాగూ మళ్ళీ రాడు, నీకు మొహం మీద ఎందుకు సెప్తాడు?"

ఒళ్ళు తెలీకుండా నోరు జారింది. కోడలు కౌంటరు వైపు చూసింది. నా కొడుకు గొంతు తగ్గించేడు. "అమ్మా, కళాసీని హాలు మధ్యలో కూర్చోబెట్టి అతను చెప్తే గానీ వడ్డించమంటే ఈ రోజుల్లో ఎవరూ ఆగరు. నువ్వు నాన్న కాలంలోనే ఉన్నావు. గోడ సంగతి..."

"గోడ ఎత్తకు."

"ఎత్తను. మరి నువ్వూ ఆకు సంగతి ఎత్తకు."

సరే ఎత్తనన్నాను. అనేసి, మర్నాడు పొద్దున్నే మార్కెట్టుకి వెళ్ళి తమ్ముణ్ణి పట్టుకున్నాను. దిమ్మల లారీ పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. వెనక సందులోంచి పెరట్లోకి రమ్మన్నాను. వచ్చేడు. వెనక వరండాలో పీట వేసి, ఆకు వేసి, అన్నీ వడ్డించేను. రెండు ముద్దలు తిని చెయ్యాపేడు.

"ఏటి?"

"అప్పా, ఈ పులుసులో ఆ సేపని తిరిగి ఏసేత్తే ఈదుకుంటూ పూడిమడక ఎల్లిపోద్ది."

ఎన్ని నెలలయిందో అలాంటి మాట విని. గిన్నె పట్టుకుని మాస్టరు దగ్గరకి వెళ్ళేను. మొదట మొహం మాడ్చుకున్నాడు. ఎవడో కళాసీ చెప్తే నేను మార్చాలా అన్నాడు. మార్చకపోతే నీ కిళ్ళీ డబ్బా తొట్టెలో పడేస్తానన్నాను. చింతపండు రసం పోసి, ఇంత బెల్లం వేసి, దించి సర్దేడు. ఆ మధ్యాహ్నం పళ్ళేలు దాదాపు నాకేసినట్టు వచ్చేయి. అలా ఇరవై రోజులు నడిచింది. ఒక రోజు పప్పులో పసుపు వాసన, ఒక రోజు చారు నీళ్ళ కింద లెక్క, ఒక రోజు ఏమీ లేదు. ఏమీ లేని రోజు తమ్ముడు పాపం వంక దొరక్క ఇబ్బంది పడేవాడు.

ఒక రోజు నా కొడుకు పెరట్లోకి వచ్చి చూసేడు. ఇప్పుడు మొదలవుతుంది యుద్ధం అనుకున్నాను. వాడు గుమ్మంలో నిలబడి, తమ్ముడితో "ఏం మామా, బాగున్నాయా" అని, నా వైపు తిరిగేడు.

"పెరట్లో అయితే నాకేం ఇబ్బంది లేదమ్మా. ఎన్నాళ్ళయినా పెట్టుకో."

వెళ్ళిపోయేడు. కాదన్నా నాకు అంత కోపం వచ్చేది కాదు. పెట్టుకో అట. నేను దానం చేస్తున్నట్టు. మా ఆయన మొదటి ఆకు హాలు మధ్యలో ఎందుకు వేసేడు? అందరూ వినాలని. వంటవాడికి భయం ఉండాలని. ఉప్పెక్కువైందని ఒకడు నోరు తెరిచి చెప్పొచ్చని తక్కినవాళ్ళకి తెలియాలని. దొంగచాటుగా వెనక గుమ్మంలో పెట్టి, గిన్నె కొంగుకింద పట్టుకుని వంటింట్లోకి పోతే అది మొదటి ఆకు ఎలా అవుతుంది? రేపు నేను మంచం పడితే ఆ పీట ఎవరు వేస్తారు?

ఈ మాట తమ్ముడితో అంటే అతను కూడా నా కొడుకు వైపే మాట్లాడేడు.

"నాకు పెరడే సుకంగా ఉందప్పా. లోపల ఏసీలో కూకుంటే నా సెమట నాకే కంపు కొడతాది. నేను అడుగేత్తే ఎనక నేల తుడుత్తారు."

"నీకు సుకం కోసం పెడతన్నానేటి?"

"మరెందుకు పెడతన్నావు?"

"ఉప్పు కోసం. రేపు ముందు గుమ్మంలోంచి రా."

"రాను."

"రాకపోతే ఇంక పెరట్లోకీ రాకు."

అలా మొండికేస్తే వచ్చేడు మర్నాడు. వచ్చేడు గానీ మెట్ల దగ్గర నిలబడిపోయేడు. కాళ్ళు కడుక్కోవాలన్నాడు. కడుక్కున్నాక తువ్వాలు కావాలన్నాడు. చొక్కా మీద బెల్లం మరక ఉందని విప్పి తిరగేసి తొడుక్కున్నాడు. ఈ పెళ్ళికొడుకు సింగారం అయ్యేసరికి పది నిమిషాలు పోయేయి. లోపలికి వెళ్తే ఏముంది, అప్పటికే రెండు టేబుళ్ళ మీద జనం ఉన్నారు. మెళ్ళో కార్డులు వేసుకున్న కంపెనీవాళ్ళు నలుగురు, ఇంకో పక్క ఉప్మాక వెంకన్న దర్శనం చేసుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలు. అందరికీ వడ్డించేసేరు. తింటున్నారు. మొదటి ఆకు అయిపోయింది.

వెనక్కి తిప్పలేను కదా. మధ్య టేబులు దగ్గర కూర్చోబెట్టేను. కోడలు కౌంటరు దగ్గర లేచి నిలబడింది. వడ్డించే మనిషి మెనూ కార్డు తెచ్చి తమ్ముడి ముందు పెట్టేడు. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తినడానికా" అని అడిగేడు. నేను కార్డు తీసేసి ఆకు వేసేను. ఈలోగా నా కొడుకు వచ్చేడు. పళ్ళు బిగించి, చెవిలో చెప్పినట్టు మాట్లాడేడు.

"ఏటిదమ్మా."

"మొదటి ఆకు."

"మొదటి ఆకేటి, ఆరుగురు తింటున్నారు."

"నీ మామ సింగారానికి ఆలస్యమైంది. వడ్డించు."

"అందరూ చూస్తున్నారు."

"సూడనీ."

వడ్డించే మనిషి మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమనుకున్నాడో, అన్నం పెట్టేడు, పులుసు పోసేడు. తమ్ముడు ఏసీ కింద భుజాలు దగ్గరకి ముడుచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తింటున్నాడు. ఎప్పుడూ అలా తినడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎందుకు తీసుకొచ్చేనా అనుకున్నాను.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందప్పా" అన్నాడు నేలచూపులు చూస్తూ.

అతని నోటంట కూడా అదే మాట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఒరే తమ్ముడూ, నువ్వు కూడానా. నిజం సెప్పు" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. కంపెనీవాళ్ళు తలలు తిప్పేరు.

తమ్ముడు ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. నమిలేడు. అప్పుడు మార్కెట్టులో మాట్లాడే గొంతుతో చెప్పేడు. "సప్పగా ఉందప్పా. ఆ వొండినోడు ఉప్పు జోబులో దాసుకున్నాడు. నీకు భయపడిపోయి అసలు ఎయ్యడం మానేసినట్టున్నాడు."

 కంపెనీవాళ్ళలో ఒకాయన వడ్డించే మనిషిని పిలిచేడు. "అవునండీ, కొంచెం ఉప్పు తెస్తారా? పప్పులో కూడా తక్కువే." ఉప్మాక నుంచి వచ్చినావిడ మొగుడితో "నేను చెప్పలా" అంది. చెప్పలేదు ఆవిడ, అంతసేపూ తింటూనే ఉంది. వాళ్ళాయన కూడా ఉప్పు అడిగేడు. ఇంకొకాయన కారం కూడా పెంచొచ్చన్నాడు. నోళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నారో తెలీదు.

ఉప్పు గిన్నె నా కొడుకే తెచ్చేడు. ప్రతి టేబులు దగ్గరకీ తనే వెళ్ళి వేసేడు. మొహం గంటుపెట్టుకునే వేసేడు. తమ్ముడి ఆకులో వేస్తున్నప్పుడు తమ్ముడు "సాలు అల్లుడూ" అని చెయ్యి అడ్డం పెట్టేడు.

మధ్యాహ్నం బేరం తగ్గేక నా కొడుకు నా దగ్గరకి వచ్చి కూర్చున్నాడు. ఓడిపోయినవాడిలా లేడు. బేరం ఆడేవాడిలా ఉన్నాడు.

"రేపటినుంచి మామని పదింపావుకి రమ్మను. ముందు గుమ్మంలోంచే రమ్మను. గుమ్మానికి 'తెరిచి ఉంది' బోర్డు తిప్పకముందే తినేసి వెళ్ళిపోవాలి. లైట్లు వెయ్యను, ఏసీ వెయ్యను. బయటివాళ్ళకి కనపడకూడదు."

"కనపడ్డానికే కదా అసలు ఆ ఆకు."

"అమ్మా, ఇంతకన్నా నావల్ల కాదు. గోడ దగ్గర కూడా నువ్వు చెప్పిందే..."

"గోడ నేను పాడుచేసేను. ఊరందరికీ సెప్పుకో, నేనే సెప్తాను. పులుసు నువ్వు పాడుచేత్తన్నావు. దానికి నేను ఊరుకోను."

వాడు లేచి వెళ్ళిపోయేడు.  కోడలు మాత్రం కాసేపటికి వచ్చి, "అత్తయ్యా, పదింపావుకి అన్నం దిగిపోవాలంటే మాస్టర్ని ఏడింటికే రమ్మనాలి" అంది. అదొక్కటే ఆ రోజు నాకు కుదురుగా వినపడ్డ మాట.

మర్నాడు తమ్ముడు పదింపావుకి ముందు గుమ్మంలోంచి వచ్చేడు. లోపల చీకటిగా ఉంది. కిటికీలు కూడా మూసి ఉన్నాయి. కుర్చీలింకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. ఒక్క కుర్చీ దించి, ఆకు వేసేను. తమ్ముడు కూర్చుని, "దొంగతనానికి వచ్చినట్టుందప్పా, సేప ముల్లు కనపడితే గదా తీసీడానికి" అన్నాడు.

నేను లేచి గోడ దగ్గరకి వెళ్ళేను. ఈ కొత్త స్విచ్చి బోర్డు నాకు ఎప్పటికీ అలవాటు కాదు. పద్నాలుగు మీటలున్నాయి, ఏది దేనిదో రాసి లేదు. చేతికందినవన్నీ నొక్కేను. ఫ్యాన్లు తిరిగేయి. దూలాల కింద దీపాలన్నీ వెలిగేయి. బయట మేడ మీద ఉన్న పేరు బోర్డు కూడా వెలిగినట్టుంది, వీధిలో ఎవరో ఇద్దరు ఆగి, తెరిచేరనుకుని మెట్లెక్కడం మొదలుపెట్టేరు.

నా కొడుకు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేడు. "అమ్మా, ఆర్పు. ముందు బయటిది ఆర్పు."

"ఏదో నాకు తెలీదు."

"ఆ మూలది."

"తెలిసినా ఆర్పను. అతన్ని తిననీ."

వచ్చిన ఇద్దరూ గుమ్మంలో నిలబడి, భోజనం రెడీ అయిందా అని అడిగేరు. కాలేదు, ముందు ఈయన తిని చెప్పాలి, ఆగండని నేనే చెప్పేను. వాళ్ళు మొహమొహాలు చూసుకుని, ఫోన్లు తీసుకుని నిలబడ్డారు. నా కొడుకు తలపట్టుకుని స్విచ్చి బోర్డు పక్కనే నిలబడ్డాడు. తమ్ముడు పులుసు కలుపుకున్నాడు.